సెప్టెంబర్ బేస్‌బాల్: ఆశలు పోయిన జట్టే ఎందుకు ముంచుతుంది?

ముందు ప్రశ్న ఏమిటో చూద్దాం. 2023 అక్టోబర్ 1, అమెరికా బేస్‌బాల్ మేజర్ లీగ్ సీజన్‌లో ఆఖరి రోజు. టెక్సస్ రేంజర్స్ ఆ ఒక్క మ్యాచ్ గెలిస్తే డివిజన్ (ఐదు జట్ల గుంపు)లో మొదటి స్థానం వాళ్లది. ఎదురుగా సియాటిల్ మ్యారినర్స్. వాళ్ల ప్లేఆఫ్ (సీజన్ తర్వాత జరిగే నాకౌట్ సిరీస్‌ల) ఆశలు ముందు రాత్రే, అదీ రేంజర్స్ చేతిలోనే పోయాయి. అయినా మ్యారినర్స్ 1-0తో గెలిచారు. "వచ్చేదీ పోయేదీ లేని జట్టు అంత కసిగా ఎందుకు ఆడింది? బెర్తు ఖాయమైన జట్లు చివరి వారంలో నిజంగా ఆడతాయా, ఆడినట్టు కనిపిస్తాయా? ఈ రేసును ఏం చూసి అంచనా వేయాలి?" అని మీరు అడిగారు.

సూటిగా చెప్పాలంటే, బేస్‌బాల్‌లో మైదానంలోకి దిగిన ఆటగాడి ప్రయత్నం సెప్టెంబర్‌లో పెద్దగా తగ్గదు. మారేది ఎవరు దిగుతారన్నది. కాబట్టి జట్టుకు "కసి ఉందా లేదా" అని ఆలోచించడం కన్నా ఆ రోజు లైనప్‌లో (బ్యాటింగ్‌కు దిగే తొమ్మిది మందిలో) ఎవరున్నారు, ఎవరు పిచింగ్ చేస్తున్నారు (బంతి వేస్తున్నారు) అని చూడటం మేలు. చివరి పదిహేను రోజుల్లో జరిగే వింతల్లో చాలావరకు ఈ తేడాతోనే అర్థమవుతాయి.

అదే రోజు ఫీనిక్స్‌లో జరిగింది కూడా దీని పక్కన పెట్టి పోల్చి చూడండి. అక్కడ రేంజర్స్ డివిజన్‌లోనే ఉన్న హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు మొదటి స్థానం దక్కాలంటే గెలుపు తప్పనిసరి. ఎదుట ఉన్న అరిజోనా డైమండ్‌బ్యాక్స్‌కు ముందు రోజే బెర్తు ఖాయమైంది. ఆస్ట్రోస్ 8-1తో సునాయాసంగా గెలిచారు. అంటే ఆశలు పోయిన జట్టు గెలిచింది, పని అయిపోయిన జట్టు ఓడింది. రేంజర్స్, ఆస్ట్రోస్ ఇద్దరూ 90-72 (గెలుపులు-ఓటములు) దగ్గర ఆగారు. ఇద్దరి మధ్య జరిగిన 13 మ్యాచ్‌ల్లో ఆస్ట్రోస్ 9 గెలిచారు కాబట్టి డివిజన్ వాళ్లకు పోయింది. వాళ్లు ఇంట్లో విశ్రాంతి తీసుకుంటే, రేంజర్స్ సియాటిల్ నుంచి విమానమెక్కి దేశం ఆ చివర ఉన్న ఫ్లోరిడాకు వెళ్లి మూడు మ్యాచ్‌ల సిరీస్ ఆడాల్సి వచ్చింది. తర్వాతి కథ మీకు తెలుసు: ఆ ప్లేఆఫ్స్‌లో బయట ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచి రేంజర్స్ వరల్డ్ సిరీస్ ఎత్తుకెళ్లారు. ఫైనల్లో ఎదురైంది డైమండ్‌బ్యాక్స్. ఆఖరి రోజు ఓడిన ఇద్దరే చివరికి మిగిలారన్న మాట. సీజన్ చివర్లో ఊపు మీదున్న జట్టే గెలుస్తుందని టీవీలో ఎవరైనా గట్టిగా చెబితే ఇది గుర్తు చేసుకోండి.

ఇక రేసు నిర్మాణం సంగతి. అది తెలియకపోతే ఎవరికి ఏం కావాలో తెలియదు. 30 జట్లు, రెండు లీగులు, ఒక్కో లీగులో ఐదేసి జట్లతో మూడు డివిజన్లు, ఒక్కో జట్టుకు 162 మ్యాచ్‌లు. 2022 నుంచి లీగుకు ఆరు జట్లు ప్లేఆఫ్‌కు వెళ్తున్నాయి: ముగ్గురు డివిజన్ విజేతలు, ముగ్గురు వైల్డ్ కార్డులు (డివిజన్ గెలవని మిగతా జట్లలో మెరుగైనవాళ్లు). డివిజన్ విజేతల్లో మొదటి ఇద్దరికి తొలి రౌండ్ ఉండదు, నేరుగా ఐదు మ్యాచ్‌ల సిరీస్‌కు వెళ్తారు. మూడో విజేత, ముగ్గురు వైల్డ్ కార్డులు కలిసి మూడు మ్యాచ్‌ల సిరీస్‌లు ఆడాలి. ఆ మూడూ పై ర్యాంకు జట్టు మైదానంలోనే జరుగుతాయి.

అంటే ఒకే పట్టికలో నాలుగు వేర్వేరు రేసులు నడుస్తుంటాయి: తొలి రౌండ్ మినహాయింపు కోసం, డివిజన్ కోసం, సొంత మైదానం కోసం, ఆరో స్థానం కోసం. ఇప్పటికే బెర్తు దొరికిన జట్టుకు ఇంకా ఏ రేసు మిగిలి ఉందన్నదాన్ని బట్టే అది మిగతా మ్యాచ్‌లు ఎలా ఆడుతుందో ఉంటుంది. "క్లించ్ చేశారు (చోటు ఖాయం చేసుకున్నారు) కాబట్టి ఇక వదిలేస్తారు" అనే లెక్క అందుకే చాలాసార్లు తప్పుతుంది. 2025లో టొరంటో బ్లూ జేస్, న్యూయార్క్ యాంకీస్ ఇద్దరికీ బెర్తు ముందే ఖాయం. అయినా డివిజన్ కోసం ఆఖరి రోజు దాకా గుంజుకున్నారు. ఇద్దరూ 94-68. ముఖాముఖి రికార్డు 8-5తో టొరంటోదే పైచేయి కావడంతో తొలి రౌండ్ వాళ్లకు తప్పింది.

సమానంగా ముగిస్తే ఒకప్పుడు 163వ మ్యాచ్ ఆడించేవారు. 2022 నుంచి అది పోయింది. ఇప్పుడు మొదట ముఖాముఖి రికార్డు చూస్తారు. అదీ సమానమైతే సొంత డివిజన్ జట్ల మీద రికార్డు, ఆ తర్వాత అదే లీగులో మిగతా డివిజన్ల మీద రికార్డు, అప్పటికీ తేలకపోతే లీగులోని మ్యాచ్‌ల రెండో సగం. ఐపీఎల్ అలవాటున్న మనవాళ్లు ఇక్కడ పప్పులో కాలేస్తారు: నెట్ రన్ రేట్ లాంటిది ఇక్కడ లేదు. 15-0తో గెలిచినా 1-0తో గెలిచినా ఒకటే. అందుకే ఏడు పరుగులు వెనకబడ్డ మేనేజర్ (జట్టును నడిపే కోచ్) మంచి రిలీవర్లను (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్లను) దాచేసి ఆ మ్యాచ్ వదులుకోవడం బద్ధకం కాదు, రేపటి మ్యాచ్ కోసం చేసే పొదుపు. నష్టం తగ్గించుకోవడానికి ఆడటం అన్న మాటే ఈ ఆటలో లేదు.

ముఖాముఖి రికార్డు సాధారణంగా సెప్టెంబర్ మధ్యకల్లా తేలిపోతుంది. 2023 నుంచి సొంత డివిజన్ జట్లతో 13 మ్యాచ్‌లే కాబట్టి ఏడు గెలిస్తే చాలు, టైబ్రేకర్ చేతికొచ్చినట్టే. ఆ తర్వాత దాన్ని పట్టికలో కనిపించని ఒక అదనపు గెలుపుగా లెక్కపెట్టుకోండి. 2022లో న్యూయార్క్ మెట్స్, అట్లాంటా బ్రేవ్స్ ఇద్దరూ 101-61. జూన్ 1న మెట్స్ 10.5 మ్యాచ్‌ల ముందంజలో ఉన్నారు. సీజన్ చివరి వారాంతంలో అట్లాంటాలో మూడుకు మూడూ ఓడారు, ముఖాముఖి 10-9తో బ్రేవ్స్‌కు పోయింది. 101 గెలుపులున్న మెట్స్ వైల్డ్ కార్డ్ రౌండ్‌లో పాడ్రేస్ చేతిలో ఓడి ఇంటికెళ్లారు.

లెక్కలు మీరే వేసుకోవచ్చు. ఎంత వెనకున్నారో తెలియాలంటే గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి రెండుతో భాగించాలి. ఎ జట్టు 85-65, బి జట్టు 82-67 అయితే (3 + 2) ÷ 2 = 2.5. ఆ అర మ్యాచ్, బి జట్టు ఒక మ్యాచ్ తక్కువ ఆడినందువల్ల వచ్చింది. సెప్టెంబర్‌లో ఓటముల గడినే ఎక్కువ చూడండి. ఆడని మ్యాచ్ గెలవొచ్చు గానీ ఓడిన మ్యాచ్ తిరిగి రాదు.

మేజిక్ నంబర్ అంటే 163లోంచి ముందున్న జట్టు గెలుపులు, వెనకున్న జట్టు ఓటములు తీసేయగా మిగిలేది. 88 గెలుపులున్న జట్టును 70 ఓటములున్న జట్టు తరుముతుంటే 163 - 88 - 70 = 5. వీళ్ల గెలుపులు, వాళ్ల ఓటములు కలిపి ఐదైతే కథ ముగిసినట్టు. టైబ్రేకర్ ముందున్న జట్టుదైతే 163 బదులు 162 వేసుకోవాలి, అప్పుడు నాలుగే. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు వైల్డ్ కార్డ్ లెక్కలో వస్తుంది. నాలుగో స్థానంలో ఉన్న జట్టుకు ఐదో స్థానంలోని జట్టుతో లెక్క కట్టేస్తారు. బెర్తు ఖాయం కావడానికి చూడాల్సింది ఏడో స్థానంలోని జట్టును, అంటే గీతకు బయట మొదట నిలబడ్డవాళ్లను.

ఈ సూత్రం కూడా ఒకచోట మోసం చేస్తుంది. ఒకే డివిజన్‌లో మూడు జట్లున్నాయనుకోండి. ఎ, బి జట్లకు చెరో 88 గెలుపులు, మిగిలిన మూడు మ్యాచ్‌లూ ఆ ఇద్దరి మధ్యే. సి జట్టుకు 86 గెలుపులు, మూడు మ్యాచ్‌లు మిగిలాయి. సూత్రం ప్రకారం సి ఇంకా బతికే ఉంది, మూడూ గెలిస్తే 89. కానీ ఎ, బి తమలో తాము ఆడే మూడింట్లో ఎవరో ఒకరు రెండైనా గెలిచి తీరాలి, అంటే ఒకరు కచ్చితంగా 90 చేరతారు. సి జట్టుకు డివిజన్ ఆశలు అప్పటికే పోయాయి, పట్టికలో మాత్రం ఊపిరి ఉన్నట్టు కనిపిస్తుంది. అల్గారిదమ్స్ చదివినవాళ్లకు ఇది మాక్స్ ఫ్లో పాఠంలో వచ్చే లెక్కే. ఆ పాఠానికి ఈ ఆట ఉదాహరణగా ఉండటానికి కారణం ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆశలు పోయిన జట్టులో ఆటగాడు ఎందుకు తగ్గడు?

మొదటిది డబ్బు. బేస్‌బాల్‌లో ప్రతి బ్యాటర్ ఖాతా విడిగా ఉంటుంది. జట్టు 60 గెలిచినా 100 గెలిచినా అతని ప్రతి అవకాశం అతని పేరు మీదే రాసుకుంటారు. మూడేళ్ల సర్వీసు తర్వాత జీతం మధ్యవర్తిత్వంలో తేలుతుంది, ఆరేళ్లకు ఏ జట్టుకైనా వెళ్లే స్వేచ్ఛ వస్తుంది. ఆ బేరాల్లో సెప్టెంబర్ అంకెలకూ ఏప్రిల్ అంకెలకూ తేడా ఏమీ ఉండదు. కింది స్థాయి ఆటగాడికైతే ఇంకా తీవ్రం. 2025లో మేజర్ లీగ్ కనీస జీతం ఏడాదికి 7,60,000 డాలర్లు, అంటే సీజన్‌లో ఒక్కో రోజుకు 4,000 పైనే. దాని కింది మెట్టు ట్రిపుల్-ఎలో మామూలు ఆటగాడికి ఏడాదంతా కలిపి 2023 ఒప్పందం ప్రకారం 35,800. సెప్టెంబర్‌లో పైకి పిలిపించుకున్న కుర్రాడికి తొమ్మిది పది రోజుల్లో ఏడాది జీతం వస్తోంది, వచ్చే ఏడాది చోటు కూడా ఆ నెల మీదే ఆధారపడి ఉంది. అలాంటివాడు ఎదుటి జట్టు ప్లేఆఫ్‌కు వెళ్తుందా లేదా అని చూసి వదిలేస్తాడా?

కాంట్రాక్టు బోనస్‌ల సంగతి కూడా తెలుసుకోండి. ఇన్ని హోమ్ రన్లు కొడితే ఇంత అని రాసుకోవడం లీగ్ నిబంధనల ప్రకారం కుదరదు. ఎన్నిసార్లు బ్యాటింగ్‌కు వచ్చాడు, ఎన్ని ఇన్నింగ్స్ వేశాడు, ఏ అవార్డు వచ్చింది లాంటివాటి మీదే బోనస్. కాబట్టి 490 సార్లు బ్యాటింగ్ చేసిన సీనియర్‌కు 500 దగ్గర బోనస్ ఉంటే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టడం మేనేజర్‌కు అంత తేలిక కాదు. బ్యాటింగ్ టైటిల్‌కు (సగటులో మొదటి స్థానానికి) అర్హత 502 సార్లు బ్యాటింగ్, ఈఆర్ఏ (పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చే పరుగుల సగటు) టైటిల్‌కు 162 ఇన్నింగ్స్. ఆ గీతల దగ్గరున్నవాళ్లు కూడా చివరి రోజు దాకా ఆడతారు.

రెండోది, ఆశలు పోయిన జట్టు సెప్టెంబర్‌లో ఆగస్టు కన్నా బలంగా ఉండే అవకాశం ఉంది. రూకీ (కొత్త ఆటగాడి) హోదా పోవడానికి 130 అధికారిక బ్యాటింగ్ అవకాశాలు, లేదా 50 ఇన్నింగ్స్, లేదా మేజర్ లీగ్ జట్టులో 45 రోజులు దాటాలి. ఆగస్టు మధ్య తర్వాత పిలిస్తే 45 రోజులు నిండవు, హోదా వచ్చే ఏడాదికీ మిగులుతుంది. అందుకే మంచి కుర్రాళ్లను సరిగ్గా ఆ సమయంలో తెస్తారు. రేసులో ఉన్న జట్టు బ్యాటర్లకు ఆ కొత్త పిచర్ బంతి ఎలా తిరుగుతుందో తెలియదు, వీడియో కూడా మైనర్ లీగ్‌దే. ఆరు నెలలుగా అలసిన జట్టు మీదకు నిన్ననే వచ్చిన కుర్రాడు దిగుతాడు.

దీనికి వ్యతిరేకంగా జరిగేదీ ఉంది. ఆశలు పోయిన జట్టు తన మంచి స్టార్టింగ్ పిచర్‌ను ఇన్నింగ్స్ ఎక్కువయ్యాయని ఆపేస్తుంది, మోకాలి నొప్పితో నెట్టుకొస్తున్నవాడిని ఇప్పుడే సర్జరీకి పంపేస్తుంది. అక్కడ ఆటగాడి తప్పేమీ లేదు, క్లబ్ ముందుచూపు అది. రేసులో ఉన్న జట్టు మాత్రం "మా పోటీదారుకు వీళ్ల అసలు పిచర్ పడలేదు, మాకు పడ్డాడు" అని గొణుక్కుంటుంది. ఆ గొణుగుడు సబబే గానీ దానికి మందు లేదు.

మూడోది నిబంధన. మేజర్ లీగ్ 21వ నిబంధన ప్రతి డ్రెస్సింగ్ రూమ్‌లో గోడకు అంటించి ఉండాలి. బెట్టింగ్ గురించి అని అందరికీ తెలిసింది దానిలో ఒక భాగమే. మొదటి భాగం ఓడిపోవడానికి ఒప్పుకోవడం, గెలవడానికి తన శక్తిమేరకు ప్రయత్నించకపోవడం గురించి: శిక్ష శాశ్వత నిషేధం. రెండో భాగం ఇంకా ఆసక్తికరం. మా పోటీదారును ఓడించారని వేరే జట్టు ఆటగాడికి కానుక ఇచ్చినా, ఇవ్వజూపినా కనీసం మూడేళ్ల నిషేధం. అంటే ఓడమని లంచం ఇవ్వడమే కాదు, గట్టిగా ఆడమని బహుమతి ఇవ్వడమూ నేరమే. 1917 సీజన్‌లో షికాగో వైట్ సాక్స్ ఆటగాళ్లు డబ్బు పోగుచేసి డెట్రాయిట్ ఆటగాళ్లకు ఇచ్చారన్న వ్యవహారం పదేళ్ల తర్వాత బయటపడి, బేస్‌బాల్ కమిషనర్ ల్యాండిస్ 1927లో విచారణ జరిపాడు. ఈ కట్టుదిట్టాల వెనక ఆ కాలపు చేదు ఉంది.

అంతకు ముందు 1910లోనే మరో ముచ్చట జరిగింది. బ్యాటింగ్ టైటిల్ కోసం టై కాబ్, నాప్ లాజొయీ పోటీ పడుతున్నారు, గెలిచినవాడికి కారు బహుమతి. కాబ్ అంటే చాలామందికి గిట్టదు. ఆఖరి రోజు సెయింట్ లూయిస్ బ్రౌన్స్ మేనేజర్ జాక్ ఓకానర్ మూడో బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే తన కుర్రాడిని బాగా వెనక్కి వెళ్లి నిలబడమన్నాడు. లాజొయీ మెల్లగా అటువైపు బంట్లు తోస్తూ రెండు మ్యాచ్‌ల్లో ఎనిమిది హిట్లు కొట్టాడు. ఓకానర్ ఉద్యోగం ఊడింది. కారు కంపెనీ ఇద్దరికీ కార్లు ఇచ్చేసి చేతులు దులుపుకుంది.

ప్రయత్నం మానేయడం ఎక్కడైనా జరుగుతోందంటే అది మైదానంలో కాదు, జూలై 31 చుట్టూ ఉండే ట్రేడ్ (ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే) గడువు దగ్గర, ఆఫీసు గదుల్లో జరుగుతోంది. 2019 నుంచి ఒకటే గడువు. అంతకు ముందు ఆగస్టులో వేరే దారిలో అమ్మకాలు సాగేవి, ఇప్పుడు లేవు. గడువు నాటికి ఆటగాళ్లను అమ్ముకోవాలా కొనాలా అని తేల్చుకోవాలి, తేల్చుకున్నాక వెనక్కి రాలేరు. ఆస్ట్రోస్ 2011, 2012, 2013ల్లో వరసగా 106, 107, 111 మ్యాచ్‌లు ఓడి, పోగేసిన కుర్రాళ్లతో 2017లో కప్పు గెలిచారు. దాన్ని చూసి మిగతావాళ్లూ అదే దారి పట్టకుండా డ్రాఫ్ట్‌లో (ఎక్కువ ఓడిన జట్టు కొత్త కుర్రాళ్లను ముందుగా ఎంచుకునే పద్ధతిలో) లాటరీ పెట్టారు. మొదటి ఆరు స్థానాలు లాటరీలో తేలతాయి. అడుగున ఉన్న మూడు జట్లకూ తొలి స్థానానికి సమాన అవకాశం, 16.5 శాతం చొప్పున. పైగా జట్ల మధ్య ఆదాయ పంపకంలో డబ్బు కట్టే జట్టు వరసగా రెండేళ్లు లాటరీలో ఉండకూడదు, తీసుకునే జట్టు వరసగా మూడేళ్లు. ఈ నిబంధనకు బలైంది వైట్ సాక్స్. 2024లో 41-121, ఆధునిక యుగంలో అత్యధిక ఓటములు. తర్వాతి డ్రాఫ్ట్‌లో వాళ్లకు దక్కింది పదో స్థానం. అంత ఓడి పదో స్థానం!

ఆటగాడికి ఈ డ్రాఫ్ట్‌తో పని లేదు. మంచి కుర్రాడు వస్తే వాడు లాక్కునేది ఇతని చోటే కదా. అందుకే ఆ వైట్ సాక్స్‌ను సెప్టెంబర్ చివరి వారంలో చూస్తే ఆశ్చర్యపోతారు. 120 ఓటములతో ఏంజిల్స్ మీద మూడుకు మూడూ గెలిచారు. తర్వాత డెట్రాయిట్‌లో 121వ ఓటమి తిన్నారు, ఆ గెలుపుతోనే అక్కడి టైగర్స్‌కు బెర్తు వచ్చింది. మిగతా రెండు మ్యాచ్‌లూ టైగర్స్ మీద వైట్ సాక్స్‌వే. ఆ టైగర్స్ కూడా జూలైలో తమ మంచి పిచర్ జాక్ ఫ్లహర్టీని డాడ్జర్స్‌కు అమ్మేసిన జట్టే. ఆఫీసు వదిలేసిన సీజన్‌ను మైదానం వదల్లేదు.

ఇక మీ ప్రశ్నలో రెండో సగం, పని అయిపోయిన జట్ల సంగతి. దీనికి 2011 సెప్టెంబర్ 28 రాత్రి కన్నా మంచి పాఠం లేదు. బోస్టన్ రెడ్ సాక్స్ నెల మొదట్లో తొమ్మిది మ్యాచ్‌ల ముందంజలో ఉండి, సెప్టెంబర్‌లో 7-20తో కుప్పకూలారు. ఆఖరి రాత్రికి వాళ్లు, టాంపా బే రేస్ సమానం. బోస్టన్ బాల్టిమోర్‌లో ఆడుతోంది. అక్కడి ఓరియోల్స్ డివిజన్‌లో అట్టడుగు, చివరికి 69-93తో ముగించిన జట్టు. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ 3-2 ముందంజ, ఇద్దరు అవుట్ (ఇంకొక్కరైతే మ్యాచ్ ముగిసినట్టే), బేస్‌ల మీద ఎవరూ లేరు, పిచర్ వాళ్ల క్లోజర్ (ఆఖర్లో ముందంజ కాపాడే రిలీవర్) పాపెల్‌బాన్. ఓరియోల్స్ బ్యాటర్ క్రిస్ డేవిస్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్). నోలన్ రీమోల్డ్ డబుల్, స్కోరు సమం. రాబర్ట్ ఆండినో కొట్టిన బంతి లెఫ్ట్ ఫీల్డర్ గ్లోవ్‌కు తగిలి జారింది. ఓరియోల్స్ 4-3. అట్టడుగు జట్టు కప్పు గెలిచినంత సంబరం చేసుకుంది.

అదే సమయంలో టాంపా బేలో రేస్‌తో ఆడుతున్న యాంకీస్‌కు డివిజన్ ఎప్పుడో ఖాయం. మొదట 7-0 ముందున్నారు. ఇక్కడ చూడాల్సింది ఎవరు దిగారన్నది. స్టార్టర్ డెలిన్ బెటాన్సెస్, అతనికది మేజర్ లీగ్‌లో తొలి స్టార్ట్. రెండు ఇన్నింగ్స్‌కే దించేశారు. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు రిలీవర్లు. వాళ్ల ప్రఖ్యాత క్లోజర్ మరియానో రివెరా మాత్రం చివరిదాకా దిగలేదు. ప్లేఆఫ్స్ ముందున్నప్పుడు అతన్ని ఎవరు వాడతారు? రేస్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆరు పరుగులు చేశారు. తొమ్మిదిలో ఇద్దరు అవుటయ్యాక, రెండు స్ట్రైక్‌ల మీద (మూడోది పడితే అవుట్), .108 బ్యాటింగ్ సగటే ఉన్న డాన్ జాన్సన్ హోమ్ రన్ కొట్టి సమం చేశాడు. పన్నెండులో స్కాట్ ప్రాక్టర్ బంతిని ఇవాన్ లాంగోరియా గోడ దాటించాడు, రేస్ లోపలికి, బోస్టన్ బయటికి. బాల్టిమోర్‌లో ఆండినో హిట్‌కూ దీనికీ మధ్య నాలుగు నిమిషాలైనా లేవు. యాంకీస్ ఆ మ్యాచ్ వదిలేశారా? పిచింగ్ చేసినవాడు ఎవడూ వదల్లేదు. పిచింగ్ చేయనివాడిలో ఉంది తేడా అంతా.

అదే రాత్రి ఫిలడెల్ఫియా ఫిలీస్ దీనికి పూర్తి వ్యతిరేకం. వాళ్లకు ఆ మ్యాచ్‌తో పట్టికలో ఏ పనీ లేదు. 13 ఇన్నింగ్స్ ఆడి బ్రేవ్స్‌ను 4-3తో ఓడించారు, ఫ్రాంచైజీ చరిత్రలో రికార్డుగా 102వ గెలుపు. దాంతో బ్రేవ్స్ బయటికి, సెయింట్ లూయిస్ కార్డినల్స్ లోపలికి. తొలి సిరీస్‌లో ఫిలీస్‌ను ఇంటికి పంపింది ఆ కార్డినల్సే, తర్వాత కప్పు గెలిచిందీ వాళ్లే. తాము బతికించిన జట్టే తమను మింగింది. అయినా ఆ రోజు ఫిలీస్ చేసింది తప్పని నేను అనను. ఎవరు ఎదురైతే మేలో ఎంచుకుని ఓడటం మొదలుపెడితే 21వ నిబంధన గోడ మీద కాగితమే అవుతుంది.

2024లో ఇదే ప్రశ్న మరీ ముఖం మీదికొచ్చింది. హెలెన్ తుఫాను వల్ల వాయిదా పడ్డ మెట్స్-బ్రేవ్స్ మ్యాచ్‌లు రెండూ సీజన్ అయిపోయిన మర్నాడు, సెప్టెంబర్ 30 సోమవారం, ఒకే రోజు పెట్టారు. డైమండ్‌బ్యాక్స్ అప్పటికే 89-73తో ముగించి ఇంట్లో టీవీ ముందున్నారు. రెండింట్లో ఒకే జట్టు రెండూ గెలిస్తే అరిజోనాకు చోటు. చెరొకటి గెలిస్తే ముగ్గురూ 89-73, టైబ్రేకర్‌లో అరిజోనా బయటికి. మొదటి మ్యాచ్‌లో మెట్స్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆరు పరుగులు చేస్తే, బ్రేవ్స్ నాలుగు చేసి 7-6తో ముందుకొచ్చారు. తొమ్మిదిలో మెట్స్ ఆటగాడు లిండోర్ రెండు పరుగుల హోమ్ రన్, 8-7. మెట్స్‌కు బెర్తు ఖాయం. రెండో మ్యాచ్‌లో మెట్స్ స్టార్టర్ జోయీ లుకేసీ, ఆ ఏడాది ఎక్కువ భాగం మైనర్ లీగ్‌లో గడిపినవాడు. బ్రేవ్స్ 3-0తో గెలిచారు.

అరిజోనా అభిమానుల కోపం అర్థం చేసుకోదగ్గదే, కానీ మెట్స్‌ను తప్పు పట్టడానికి లేదు. మర్నాడే మిల్వాకీలో వాళ్లకు ప్లేఆఫ్ మ్యాచ్ ఉంది. ఏ మేనేజరైనా అదే చేస్తాడు. పైగా డైమండ్‌బ్యాక్స్ ఎనిమిది రోజుల ముందు, సెప్టెంబర్ 22న, మిల్వాకీలో 8-0 ముందుండి 10-9తో ఓడారు. అక్కడి బ్రూయర్స్ నాలుగు రోజుల ముందే డివిజన్ గెలిచేశారు, బెర్తు కోసం ఆ మ్యాచ్ గెలవాల్సిన పని వాళ్లకు లేదు. ఒక క్లించ్ చేసిన జట్టు గట్టిగా ఆడినందుకు మునిగి, ఇంకో జట్టు విశ్రాంతి తీసుకున్నందుకు గోల పెట్టడం కుదరదు.

సరే, ఆచరణలో ఏం చూడాలి. మొదట పిచర్ క్యాలెండర్. సీజన్ ఆదివారం ముగుస్తుంది, వైల్డ్ కార్డ్ సిరీస్ మంగళవారం మొదలవుతుంది, తొలి రౌండ్ తప్పించుకున్న జట్లకు శనివారం. స్టార్టర్‌కు మామూలుగా నాలుగు రోజుల విరామం కావాలి. కాబట్టి ఏస్ (జట్టులో అత్యుత్తమ స్టార్టర్) గురువారం వేస్తే మంగళవారానికి సరిగ్గా సిద్ధం. ఆదివారం వేస్తే మొదటి రౌండ్ మొత్తానికీ దాదాపు దూరం. అందుకని వైల్డ్ కార్డ్ జట్టు శనివారం రాత్రి క్లించ్ చేస్తే, ఆదివారానికి ప్రకటించిన ఏస్ పేరు తెల్లారేసరికి మారిపోతుంది. అదే తొలి రౌండ్ లేని జట్టైతే ఆదివారం ఏస్‌ను వేసినా శనివారానికి ఐదు రోజుల విరామం దొరుకుతుంది, వాళ్లకు దాచాల్సిన అవసరం అంతగా ఉండదు. అంటే మీ జట్టు ఆఖరి ఆదివారం ఎదుర్కొనే ప్రత్యర్థి ఏ స్థానంలో ముగించబోతోందన్నది ఆ మ్యాచ్ కష్టాన్ని నిర్ణయిస్తుంది.

తర్వాత బుల్‌పెన్, అంటే రిలీవర్ల బృందం. 2020కి ముందు సెప్టెంబర్‌లో 40 మందిదాకా జట్టులో ఉండేవాళ్లు, రిలీవర్ల ఊరేగింపు నడిచేది. ఇప్పుడు సెప్టెంబర్ 1 నుంచి 28 మందే, అందులో పిచర్లు 14కు మించకూడదు. వరసగా రెండు రోజులు వేసిన క్లోజర్ మూడో రోజు దొరకకపోవచ్చు. ముందు రెండు మ్యాచ్‌ల బాక్స్ స్కోర్లు (స్కోర్‌కార్డులు) తిరగేస్తే ఎవరు అలసి ఉన్నారో మీకే తెలుస్తుంది. ఇంకొకటి, మిగిలిన షెడ్యూల్ తేలికా కష్టమా అని చూసేటప్పుడు ప్రత్యర్థుల మొత్తం సీజన్ రికార్డు చూడకండి. జూలై చివర నలుగురిని అమ్మిన జట్టు రికార్డులో సగం వేరే జట్టుది. చివరి ముప్పై రోజులు, ప్రకటించిన పిచర్లు చూడండి. వెబ్‌సైట్లలో వచ్చే ప్లేఆఫ్ శాతాలు జట్ల బలాన్ని లెక్కకడతాయి గానీ రేపు ఎవరిని కూర్చోబెడతారో వాటికి ముందే తెలియదు. 90 శాతమంటే పదిలో ఒకసారి పోతుందనే అర్థం.

మెట్స్ అభిమానులనడగండి ఆ ఒక్కసారి అంటే ఏమిటో. 2007లో 17 మ్యాచ్‌లు మిగిలుండగా ఏడు మ్యాచ్‌ల ముందంజ. ఆఖరి రోజు అట్టడుగున ఉన్న మార్లిన్స్ మీద మెట్స్ పిచర్ టామ్ గ్లావిన్ ఒక్కరినే అవుట్ చేసి ఏడు పరుగులిచ్చాడు, 8-1 ఓటమి. 2008లో మెట్స్ పాత మైదానం షే స్టేడియంలో చివరి మ్యాచ్, మళ్లీ మార్లిన్స్, మళ్లీ ఓటమి. 2025లో జూన్ మధ్య దాకా లీగ్ మొత్తంలో అత్యుత్తమ రికార్డు, ఆఖరి రోజు మయామిలో మార్లిన్స్ చేతిలో 4-0. ఆ రోజు చోటు కోసం పోటీలో ఉన్న సిన్సినాటి రెడ్స్ కూడా ఓడారు. మెట్స్ గెలిచి ఉంటే చోటు వాళ్లదే. ఇద్దరూ 83-79, ముఖాముఖి 4-2తో సిన్సినాటిది.

ఆఖరి ఆదివారం మ్యాచ్‌లన్నీ దాదాపు ఒకే సమయానికి, న్యూయార్క్ టైం మధ్యాహ్నం మూడు ప్రాంతంలో మొదలుపెడతారు, పక్క మ్యాచ్ ఫలితం చూసి ఎవరూ లైనప్ మార్చుకోకుండా. డాలస్‌లో ఉంటే అది మధ్యాహ్నం రెండు, హైదరాబాద్‌లో ఉంటే అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. లైనప్‌లు దానికి రెండు మూడు గంటల ముందు బయటికొస్తాయి. ముందు ప్రత్యర్థి లైనప్ తెరిచి, రోజూ ఆడే తొమ్మిది మందిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి.